వాళ్ళకు వేరే వేళ

మా ఆయన పోయిన రోజున మా తెలుగువాళ్ళకు మొదట వచ్చిన సందేహం ఆయన ఎలా పోయారని కాదు, ఆయన్ని ఎక్కడ ఉంచాలని.

మాది అమెరికా దక్షిణాన, జార్జియాలో ఒక చిన్న ఊరు. అప్పటికి ఎనభైలు కొత్తగా మొదలయ్యాయి. ఇక్కడ చనిపోయినవాళ్ళను ఇంట్లో ఉంచుకోరు. ఫ్యునరల్ హోమ్ అని ఒకటుంటుంది, అక్కడికి తీసుకుపోతారు. కడగడం, బట్టలు వేయడం, చివరి చూపుకు పెట్టడం అన్నీ వాళ్ళే చేస్తారు. మా ఊళ్ళో అవి రెండు. రైలు పట్టాలకు ఇటువైపుది తెల్లవాళ్ళది, అటువైపుది నల్లవాళ్ళది. అలాగని బోర్డు ఎక్కడా ఉండదు. బోర్డులు తీసేసి పదిహేనేళ్ళు దాటింది. బోర్డు లేకపోయినా దారి తప్పిన శవం ఇంతవరకు ఒక్కటీ లేదని మా ఆయన అనేవారు.

ఆయన పట్టాలకు అటువైపు ఉన్న నల్లవాళ్ళ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. చదువు అయ్యాక నలభై చోట్లకు దరఖాస్తులు పెడితే, వారంలో జవాబు రాసింది ఆ కాలేజీ ఒక్కటే. మా తెలుగువాళ్ళు ఆ ఉద్యోగాన్ని ఒక చిన్న జబ్బులా చూసేవారు. కలిసినప్పుడల్లా తగ్గిందా అన్నట్టు అడిగేవారు.

"ఇంకా అక్కడేనాండీ మాస్టారూ?"

"ఇంకా అక్కడేనండీ."

ఆయన చెప్పే పాఠం అంతర్యుద్ధం ముగిశాక వచ్చిన పన్నెండేళ్ళ గురించి. ఆ కాలాన్ని ఈ దేశంలో పునర్నిర్మాణం అంటారు. బానిసలుగా ఉన్నవాళ్ళు పౌరులయ్యారు, ఓటు వేశారు, శాసనసభల్లో కూర్చున్నారు. తర్వాత వాళ్ళను ఒక్కొక్క మెట్టూ కిందికి దించారు. మెట్లు ఎక్కడం కంటే దించడం ఎలా జరిగిందో చెప్పడమే కష్టమనేవారు ఆయన. దించినవాళ్ళు ప్రతి మెట్టు దగ్గరా ఒక మర్యాదైన కారణం చూపించారట.

ఒకసారి డాక్టర్ గారింట్లో భోజనాలప్పుడు ఆయన ఒక ముక్క చెప్పారు. డాక్టర్ గారంటే మా ఊరి ఆసుపత్రిలో సర్జన్. చుట్టుపక్కల ఉన్న పది తెలుగు కుటుంబాలకు పెద్దదిక్కు. ఆ పూట మాట ఫారాల మీదికి పోయింది. జాతి అన్న గడిలో ఏం రాయాలని. డాక్టర్ గారు తెలుపు అని రాస్తారట. మోటెల్ నడిపే ఇంకొకాయన మైనారిటీ అని రాస్తే లోన్ సులువు అన్నారు. ఇద్దరూ నిజాయితీగా వాదించుకున్నారు. అప్పుడు మా ఆయన జార్జియా శాసనసభ సంగతి ఎత్తారు. యుద్ధం తర్వాత ఎన్నికైన నల్లవాళ్ళందరినీ సభలోనుంచి ఒకేసారి గెంటేశారు. రాజ్యాంగంలో ఓటు వేసే హక్కు ఉంది కాని, పదవిలో కూర్చునే హక్కు ఉందని ఎక్కడ రాశారని గెంటినవాళ్ళు అడిగారట. వాషింగ్టన్ నుంచి సైన్యం మళ్ళీ దిగితే గాని లోపలికి రానివ్వలేదు. అయితే మొదట్లోనే నలుగురిని మాత్రం గెంటలేదు.

"ఏం, వాళ్ళేం చేశారు?" అన్నారు డాక్టర్ గారు.

"ఏం చెయ్యలేదు. రంగు తేలిక. నల్లవాళ్ళని రుజువు చెయ్యలేకపోయారు."

డాక్టర్ గారు పప్పు కలుపుతున్న చెయ్యి ఆపి, మోచేతి దాకా ఒకసారి చూసుకున్నారు. "అయితే ఆ నలుగురూ మనలాంటి వాళ్ళన్నమాట!" అన్నారు సంతోషంగా.

మా ఆయన నా వైపు చూశారు. నేను పెరుగు వడ్డించడానికి లేచాను.

నేనేదో వాళ్ళకంటే నయమని చెప్పడం లేదు. మా ఇంట్లో భోజనాలకు రెండు రోజులు ఉండేవి. శనివారం తెలుగువాళ్ళు, ఆదివారం కాలేజీవాళ్ళు. ఈ ఏర్పాటు నాదే. శనివారం వాళ్ళలో శాకాహారులు ఎక్కువని, ఆదివారం వాళ్ళకు మన కారం పడదని, అందరికీ కుర్చీలు చాలవని కారణాలు చెప్పుకునేదాన్ని. ఆదివారం వచ్చే లెక్కల ప్రొఫెసర్ మా ఆవకాయ జాడీ చెంచాతో సగం ఖాళీ చేసేవాడు. కుర్చీలు కాలేజీనుంచి ఎన్నయినా తెచ్చుకోవచ్చు. ఇది నాకు తెలుసు. తెలిసే తొమ్మిదేళ్ళు అలాగే నడిపాను. ఒకసారి ఆయన గిన్నెలు తుడుస్తూ, "మనింట్లో కూడా పునర్నిర్మాణం ముగిసిందే" అన్నారు. నేను విననట్టు కుళాయి తిప్పాను.

గురువారం మధ్యాహ్నం క్లాసులో బోర్డు మీద రాస్తూ కింద కూర్చున్నారట. ఆసుపత్రికి చేరేసరికి ఏమీ మిగల్లేదు. మాకు పిల్లలు లేరు. ఇండియా నుంచి ఎవరైనా వచ్చేలోగా అయిపోవలసిన పని. దహనం చేసే చోటు అట్లాంటాలో ఉంది, రెండున్నర గంటల దారి. శనివారం రెండింటికి ఇచ్చారు. పదకొండు దాటేలోగా ఊళ్ళోనుంచి బయలుదేరాలి. నాకు కావలసింది ఒక్కటే. యంత్రాలు, రంగులు, పౌడర్లు లేకుండా మన చేతులతో ఆయనకు స్నానం చేయించాలి, నోట్లో నాలుగు గింజలు వెయ్యాలి, ఆయన్ని ఎరిగినవాళ్ళు చుట్టూ ఉండగా పంపాలి. మా అత్తగారికి అలా జరిగింది. ఆయన దాన్ని గురించి చాలాసార్లు చెప్పారు.

శుక్రవారం పొద్దున్న డాక్టర్ గారు నన్ను కారులో ఇటువైపు ఫ్యునరల్ హోమ్‌కి తీసుకెళ్ళారు.

"నేను ఆల్రెడీ మాట్లాడానమ్మా. ఫస్ట్ క్లాస్ ప్లేస్. కార్పెట్, ఏసీ, చర్చిలో వాయించే ఆర్గన్ కూడా ఉంది."

"ఆయనకు ఆర్గన్ ఎందుకండీ?"

"ఉంటే మంచిదేగా. అందరికీ ఫోన్లు కూడా చేసేశాను. రేపు పదింటికి ఇక్కడికే వచ్చేస్తారు. స్నానం నేను చేయిస్తాను, తమ్ముడి స్థానంలో. మంత్రాలకి మన ఇంజనీర్ గారున్నారు. ఆయన దగ్గర క్యాసెట్ ఉంది."

ఇంజనీర్ గారు బట్టల మిల్లులో పనిచేస్తారు. మాకు సత్యనారాయణ వ్రతం చేయించేది ఆయనే. చావు మంత్రాలు నోటికి రావు కాబట్టి క్యాసెట్.

ఫ్యునరల్ హోమ్ యజమాని పొడుగాటి మనిషి, మెత్తని గొంతు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. డాక్టర్ గారు ఎవరూ అడగకుండానే, "మేము ఇండియన్స్ అయినా, సైంటిఫిక్‌గా చూస్తే కాకేసియన్సే" అని, అంటే తెల్లజాతివాళ్ళమేనని చెప్పారు.

"నాకా విషయంలో సందేహమే లేదు డాక్టర్" అన్నాడు ఆయన.

నేను స్నానం సంగతి అడిగాను. ఆ గదిలోకి బయటివాళ్ళను రానివ్వడం కుదరదని, అన్నీ తమవాళ్ళే చక్కగా చేస్తారని అన్నాడు. బుగ్గలకు కొంచెం రంగు వేస్తే నిద్రపోతున్నట్టే ఉంటారన్నాడు. మా ఆయన నిద్రపోతే నోరు తెరుచుకుని గురక పెట్టేవారు.

"ఆయన విద్యార్థులు వస్తారు. అరవై డెబ్భైమంది ఉంటారు" అన్నాను.

"ఏ కాలేజీ?"

చెప్పాను. ఆయన ముఖం ఏమీ మారలేదు. బల్లమీది పుస్తకం తిరగేసి, పెన్నుతో ఒక గీత మీద నెమ్మదిగా కొట్టాడు.

"తప్పకుండా రావచ్చు మేడమ్. చట్టం చట్టమే. కాకపోతే రేపు పొద్దున్న ఇక్కడ ఇంకొక కుటుంబం ఉంటుంది, పెద్ద కుటుంబం. మీ స్నేహితులకు పదింటి వేళ ఇస్తాను. ఆ విద్యార్థులకు వేరే వేళ చూద్దాం. ఇవాళ సాయంత్రం, చీకటి పడే ముందు, పక్క గుమ్మం నుంచి. అందరికీ సౌకర్యంగా ఉంటుంది."

అందరికీ సౌకర్యం అన్న మాట వినగానే నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. అది నా మాట. శనివారం, ఆదివారం. ఆయన నాకంటే మర్యాదగా అన్నాడు, అంతే తేడా.

లేచి నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. డాక్టర్ గారు వెనకాలే వచ్చారు.

"ఏమైందమ్మా? ఒప్పుకున్నాడుగా!"

"అటువైపు ఫ్యునరల్ హోమ్‌కి పోనివ్వండి."

"అదా?" ఆయన కారు తాళాలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. "అమ్మా, నువ్వు ఎమోషనల్‌గా ఉన్నావు. అక్కడ పార్కింగ్ కూడా..."

"ఉంది."

"లేడీస్ వస్తారు, కొంచెం ఫీల్ అవుతారు."

"దేనికండీ?"

ఆయన చుట్టూ ఒకసారి చూశారు. "అక్కడ వాళ్ళు ముట్టుకుంటారు కదా" అన్నారు గొంతు తగ్గించి. ఇటువైపున ముట్టుకునేది ఎవరో ఆయనకు తట్టలేదు. ఆయన నాన్నగారు ఊళ్ళో ఎవరెవరిని ముట్టుకునేవారు కారో కూడా ఆ పూట నాకు గుర్తొచ్చింది. ఆ విషయం ఆయనే ఒకప్పుడు గొప్పగా చెప్పారు.

"మీరు మళ్ళీ అందరికీ ఫోన్ చేసి చోటు మారిందని చెప్పండి. స్నానం అక్కడైనా మీరే చేయించవచ్చు."

"చూద్దాం" అన్నారు.

మనవాళ్ళు చూద్దామన్నారంటే దాని అర్థం అందరికీ తెలిసిందే. అయినా సాయంత్రం ఫోన్ చేసి, "చెప్పారా అండీ?" అని అడిగాను. "అదంతా నేను చూసుకుంటానమ్మా, నువ్వు రెస్ట్ తీసుకో" అన్నారు.

అటువైపు ఫ్యునరల్ హోమ్ నడిపేది ఒక పెద్దావిడ. డెబ్భైకి దగ్గర. భర్త పోయాక తానే నడుపుతోంది. ఆ ఇల్లు మొదలైంది యుద్ధం అయిన వెంటనే. స్వేచ్ఛ వచ్చినవాళ్ళు తమ చేతులతో మొదట పెట్టుకున్నవి చర్చి, బడి, చావుల సంఘం అని మా ఆయన పాఠం చెప్పేవారు. వారానికి కొన్ని పెన్నీలు వేసుకుని, ఎవరు పోయినా పెట్టె చేయించేవాళ్ళట. పెట్టెలు చేసిన వడ్రంగి ఈవిడ మామగారికి తండ్రి. తొమ్మిదేళ్ళుగా ఈ కథ మా ఇంట్లో వింటున్నాను. ఆ ఇంటి గుమ్మం ఎక్కడం మాత్రం అదే మొదలు.

"ఎవరు కడుగుతారు?" అంది ఆవిడ, నేను అడిగే లోపలే.

"కడగనిస్తారా?"

"మా అమ్మ కాలందాకా మేమూ ఇంట్లోనే కడుక్కునేవాళ్ళం. గది చూపిస్తాను. నీళ్ళు వేడిగా కావాలా, గోరువెచ్చగానా?"

గోరువెచ్చగా అన్నాను. ఆ రెండు రోజుల్లో ఆయన గురించి నన్నెవరైనా అడిగిన మొదటి అర్థమున్న ప్రశ్న అదే.

శనివారం ఎనిమిదిన్నరకే వెళ్ళాను. పంచె, కాఫీ సీసాలో పసుపు, డబ్బాలో బియ్యం తీసుకెళ్ళాను. తొమ్మిదైంది. తొమ్మిదిన్నర. విద్యార్థులు వచ్చారు, బయట మెట్లమీదా చెట్టుకిందా నిలబడ్డారు. తెలుగువాళ్ళు ఒక్కరూ లేరు. పదింటికి డాక్టర్ గారింటికి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

పెద్దావిడ గోడ గడియారం వైపు చూసి, మళ్ళీ చూసింది.

"నేనే చేస్తాను. ఎత్తడానికి ఎవరైనా ఉంటే చాలు" అన్నాను.

లెక్కల ప్రొఫెసర్, కాలేజీ లైబ్రరీ ఊడ్చే ముసలాయన లోపలికి వచ్చారు. ఇద్దరూ నల్ల కోట్లు విప్పి మేకుకు తగిలించి చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. మా ఆయన బరువైన మనిషి కాదు గాని, ఆ వేళ బరువుగా ఉన్నారు. ముసలాయన తల పట్టుకున్నాడు. ప్రొఫెసర్ పక్కకు తిప్పి పట్టుకున్నాడు. ఎనామిల్ జగ్గుతో నేను నీళ్ళు పోశాను. చూపుడు వేలిమీద సుద్ద ఇంకా ఉంది. దాన్ని రుద్దలేదు, నీళ్ళే తీసుకుపోయాయి.

"మంత్రం ఏదైనా ఉందా?" అని ప్రొఫెసర్ మెల్లిగా అడిగాడు.

"ఉంది. అది ఉన్న క్యాసెట్ రాలేదు."

"అయితే నీళ్ళు చాలు" అంది పెద్దావిడ.

పంచె కట్టడం మాత్రం నాకు రాలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన కట్టుకుంటుండగా చూడటమే గాని ఎలా కడుతున్నారో చూడలేదు. చుట్టి, మడిచి దోపాను. తర్వాత విద్యార్థులు వరసగా వచ్చారు. బియ్యం ఎలా వెయ్యాలో ఒక్కసారే చూపించాను. మూడు వేళ్ళతో, పెదవుల దగ్గర. అందరూ అలాగే వేశారు. సగంలో బియ్యం అయిపోయాయి. ఎదురింటినుంచి ఎవరో అమెరికా పొడుగు బియ్యం పెట్టె తెచ్చారు. ఆయనకు ఆ బియ్యమంటే అస్సలు పడదు. అయినా నడిచిపోయింది.

ఇదంతా జరుగుతున్నప్పుడు మా తెలుగువాళ్ళు ఎక్కడున్నారో డాక్టర్ గారి భార్య వారం తర్వాత చెప్పింది. డాక్టర్ గారికి రెండోసారి ఫోన్లు చెయ్యడానికి నోరు రాలేదట. శనివారం పొద్దున్న ఇటువైపు ఫ్యునరల్ హోమ్ గుమ్మం దగ్గరే నిలబడి వచ్చినవాళ్ళకు వచ్చినట్టే చెబుదామనుకున్నారట. ఆసుపత్రిలో ఆలస్యమై, ఆయన చేరేసరికి అందరూ లోపల కూర్చున్నారు. గుమ్మంలో నల్ల సూటు వేసుకున్న కుర్రాళ్ళు తెల్ల చీరలవాళ్ళను, పూలదండలను చూసి, మర్యాదగా చేతులు పట్టుకుని తీసుకెళ్ళి మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టారు. సంతకాల పుస్తకంలో అందరూ సంతకాలు చేశారు.

"మూత వేసిన పెట్టె అక్కయ్యా, పైన జెండా. మాకేం తెలుసు? స్టేట్ జెండా అనుకున్నాం. ప్రొఫెసర్ గారు కదా, గవర్నమెంట్ వాళ్ళు గౌరవంగా కప్పారేమో అనుకున్నాం."

అది యుద్ధంలో దక్షిణం వాళ్ళు పట్టుకున్న జెండా. బానిసల్ని వదిలేది లేదని పట్టుకున్న జెండా. ఆ రోజుల్లో జార్జియా రాష్ట్ర జెండాలో సింహభాగం అదే కాబట్టి, పొరబడ్డారని వీళ్ళను అనడానికి లేదు. పెట్టెలో ఉన్నది ఎవరో పెద్దాయన. ఆయన తాత ఆ యుద్ధంలో పోరాడాడు. ఆ ముక్క పాస్టర్ మాటల్లో వచ్చినప్పుడు గాని మనవాళ్ళకు అనుమానం రాలేదు.

"తెలిశాక లేచి రావచ్చుగా?"

"మధ్యలో లేస్తే ఏం బాగుంటుంది అక్కయ్యా? ఈయన కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. 'ష్, అయిపోయాక వెళ్దాం' అన్నారు. ఆ పోయినాయన భార్య మా అందరినీ పట్టుకుని ఏడ్చింది. మేమంతా ఆయన్ని చూసిన డాక్టర్లమనుకుంది పాపం. కాదని ఎలా చెప్తాం?"

చెప్పరు. అది నాకూ తెలుసు. నేను ఆ గదిలో ఉంటే నేనూ లేచేదాన్ని కాదు.

పదకొండుంపావుకు బయలుదేరాం. పెద్దావిడే బండి నడిపింది. పక్కన నేను. వెనక కాలేజీవాళ్ళ కార్లు, వాటి వెనక విద్యార్థుల బస్సు. ఇక్కడ శవయాత్రలో పగలు కూడా లైట్లు వేస్తారు. ఎదురొచ్చే కార్లు పక్కకు తీసి ఆగుతాయి. అది ఈ దక్షిణం వాళ్ళ మంచి అలవాటు, ఎవరి శవమని చూడరు అని మా ఆయన ఒప్పుకునేవారు.

పట్టాల దగ్గర పోలీసు చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. అవతలి రోడ్డు మీదినుంచి ఇంకొక శవయాత్ర వస్తోంది. రెండు శవయాత్రలు ఎదురైతే ఏది ముందు పోవాలని చట్టంలో లేదు. పోలీసును ఎవరూ అడగలేదు, అతను ఆలోచించనూ లేదు.

జెండా కప్పిన పెట్టె ఉన్న బండి మా ముందునుంచి పోయింది. తర్వాత నల్ల కార్లు. తొమ్మిదో పదో కారు నాకు తెలిసినదే అనిపించింది. డాక్టర్ గారిది. బానెట్ మీద ఫ్యునరల్ హోమ్ వాళ్ళ చిన్న జెండా, లైట్లు వెలుగుతున్నాయి. దాని వెనక ఇంజనీర్ గారిది, ఆ వెనక మోటెల్ ఆయనది, ఇంకో రెండు. పార్కింగ్‌లో ఎవరో కుర్రాడు వచ్చి వరసలో పెట్టి, ముందు కారు వెంట వెళ్ళమన్నాడట. కాదనడం మర్యాద కాదని ఎవరూ కాదనలేదు.

డాక్టర్ గారు రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని తిన్నగా ముందుకే చూస్తున్నారు. ఆయన భార్య నన్ను చూసింది. ఒళ్ళో పెద్ద పూలదండ. అలవాటు ప్రకారం రెండు చేతులూ జోడించింది. దండ కిందికి జారిపోతే వంగింది. కారు వెళ్ళిపోయింది.

"వాళ్ళు మీవాళ్ళు కారూ?" అంది పెద్దావిడ.

"అవునండీ."

"పోలీసుతో చెప్పి ఆపించనా? తిప్పుకుని వచ్చి మన వెనక చేరతారు. పదిహేను నిమిషాలు పడుతుంది."

బండిలో గడియారం పదకొండూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది. వెనక అద్దంలో బస్సు కనిపిస్తోంది. కిటికీలోంచి ఒక అమ్మాయి తల బయటపెట్టి ఎందుకు ఆగామో చూస్తోంది. స్నానం అయింది. బియ్యం వేశారు. ఇక రెండింటికి అట్లాంటా చేరాలి, అంతే.

"వద్దండీ. ఆ కుటుంబానికి వీళ్ళు కావలసినవాళ్ళలాగే ఉన్నారు. పోనివ్వండి."

ఆవిడ నవ్వలేదు. చివరి కారు కూడా దాటాక పోలీసు చెయ్యి దించాడు. ఆవిడ గేరు వేసింది.